ఫార్మాట్ కొట్టించకముందు: లినక్స్ ల్యాప్‌టాప్ మొరాయిస్తే ఏం చేయాలి?

ఒక రాత్రి పదకొండు దాటాక మేనల్లుడు ఫోన్ చేశాడు. "మావయ్యా, పాస్‌వర్డ్ కొడితే స్క్రీన్ ఒక్క క్షణం నల్లబడి మళ్లీ పాస్‌వర్డే అడుగుతోంది. పొద్దున్నే ప్రాజెక్టు రివ్యూ ఉంది. ఫార్మాట్ కొట్టించేయనా?" అన్నాడు. వాడు గుంటూరులో బీటెక్ చదువుతున్నాడు, బ్రాడీపేటలో రూము. నేనుండేది విజయవాడలో. ఈ టైములో ఏ షాపు తీసి ఉంటుందిరా అని నవ్వాను గానీ, వాడి టెన్షన్ నిజమే.

మన దగ్గర ఈ ఫార్మాట్ కొట్టించడం ఆర్‌ఎంపీ డాక్టరు సెలైను ఎక్కించినట్టు తయారైంది. జ్వరమైనా, నీరసమైనా, ఏమీ లేకపోయినా ఒక బాటిలు. ల్యాప్‌టాప్ నెమ్మదించినా ఫార్మాటే, వైఫై రాకపోయినా ఫార్మాటే. అది ఎంతో కొంత పని చేస్తుంది కాబట్టి కారణమేంటని ఎవరూ అడగరు. మూడు నెలలకు మళ్లీ అదే గొడవ. లినక్స్ అంటే విండోస్‌లాగే ల్యాప్‌టాప్‌ను నడిపే ఉచిత సిస్టమ్. అందులో ఎక్కడ నొప్పి ఉందో మిషనే రాసి పెట్టుకుంటుంది. దాన్ని చదివే ఓపిక మనకు ఉండాలి, అంతే.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది. అప్పటి నుంచి మా చుట్టాల పాత ల్యాప్‌టాప్‌లు ఒక్కొక్కటే నా దగ్గరికొచ్చి మింటో, ఉబుంటువో (రెండూ లినక్స్ రకాలే) ఎక్కించుకుని వెళ్లాయి. వాటి వెనకే ఫోన్లు. ఆ ఫోన్లలో నేను చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను, కమాండ్లతో సహా. వాటిని పలికే తీరులో తెలుగులో రాశాను. మీరు టైప్ చేసేది ఇంగ్లీషు చిన్నక్షరాల్లో. మైనస్ అంటే సున్నా పక్కనున్న అడ్డగీత. రెండు మైనస్‌లు అంటే ఆ రెంటి మధ్య ఖాళీ ఉండకూడదు. స్లాష్ అంటే ప్రశ్నార్థకం ఉన్న మీట.

ముందు ఒక పెన్‌డ్రైవ్

ఏ సమస్యలోనైనా మొదట తేల్చుకోవాల్సింది తప్పు సాఫ్ట్‌వేర్‌దా, హార్డ్‌వేర్‌దా అన్నది. దానికి 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. ల్యాప్‌టాప్ బాగున్న రోజునే దీన్ని తయారు చేసి బీరువాలో పడేయండి. చెడిపోయాక చేద్దామంటే పక్కింటివాళ్ల కంప్యూటరు అడుక్కోవాలి.

1. మింట్ గానీ ఉబుంటు గానీ వాళ్ల అధికారిక సైటు నుంచి ఐఎస్‌ఓ ఫైలు (సిస్టమ్ మొత్తం ఉన్న ఒకే ఫైలు) దించుకోండి. మింట్‌లో యూఎస్‌బీ ఇమేజ్ రైటర్, ఉబుంటులో స్టార్టప్ డిస్క్ క్రియేటర్ అనే ప్రోగ్రాములు దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తాయి. పెన్‌డ్రైవ్‌లో పాత ఫొటోలుంటే ముందే తీసేసుకోండి, అన్నీ పోతాయి.

2. పెన్‌డ్రైవ్ పెట్టి ల్యాప్‌టాప్ ఆన్ చేసి, బూట్ మెనూ మీట టకటకా నొక్కండి. డెల్, లెనోవోల్లో మామూలుగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్. ఏసర్‌లోనూ ఎఫ్12నే, కానీ చాలా మోడళ్లలో ముందు ఎఫ్2తో బయాస్‌లోకి (ల్యాప్‌టాప్ సొంత సెట్టింగుల్లోకి) వెళ్లి ఆ మెనూను ఆన్ చేయాలి.

3. ఇన్‌స్టాల్ అన్న మాట జోలికి పోకుండా డెస్క్‌టాప్ వచ్చేదాకా ఆగండి. ఈ లైవ్ పద్ధతిలో మీ డిస్కును ఎవరూ ముట్టుకోరు.

4. ఏది పని చేయడం లేదో దాన్నే ఇక్కడ పరీక్షించండి. వైఫైనా, సౌండా, టచ్‌ప్యాడా, స్క్రీన్ మీద గీతలా?

పెన్‌డ్రైవ్ మీద అన్నీ చక్కగా ఉంటే తప్పు మీ ఇన్‌స్టలేషన్‌ది. ఇంట్లోనే బాగవుతుంది, దాదాపు ఎప్పుడూ ఫార్మాట్ అక్కర్లేకుండానే. ఇక్కడా అదే రోగం కనిపిస్తే చాలామటుకు హార్డ్‌వేర్. చాలామటుకు అనడానికి కారణముంది. కొన్ని వైఫై చిప్‌లకు డ్రైవరు (ఆ చిప్‌తో మాట్లాడే ప్రోగ్రాము) పెన్‌డ్రైవ్‌లో కూడా ఉండదు. అది చెడిపోవడం కాదు, భాష తెలియకపోవడం.

మిషను రాసుకునే డైరీ

టెర్మినల్ (కమాండ్లు కొట్టే కిటికీ) తెరిచి "సుడో డీమెసేజ్" అని కొట్టమంటే చాలామంది పూర్తి స్పెల్లింగు కొట్టి, అలాంటిదేమీ లేదంటోంది అంటారు. సుడో తర్వాత టైప్ చేయాల్సింది డీ, ఎం, ఈ, ఎస్, జీ అనే ఐదక్షరాలే. సుడో అంటే సిస్టమ్ యజమాని హక్కుతో ఈ పని చేయమనడం, మీ పాస్‌వర్డ్ అడుగుతుంది. కెర్నెల్‌కు, అంటే లినక్స్ గుండెకాయకు, హార్డ్‌వేర్‌తో వచ్చిన ప్రతి పేచీ అందులో ఉంటుంది. పెన్‌డ్రైవ్ పెట్టినా పట్టనట్టు ఉంటే, దాన్ని పీకి, మళ్లీ పెట్టి, వెంటనే ఈ కమాండ్ కొట్టి చివరి పది లైన్లు చూడండి. ఒక్క లైను కూడా కొత్తగా రాకపోతే పోర్టో పెన్‌డ్రైవో పోయినట్టే. లైన్లు వచ్చి చివర ఐ స్లాష్ ఓ ఎర్రర్ అని ఉంటే పెన్‌డ్రైవ్‌కే రోజులు దగ్గరపడ్డాయి.

రెండోది జర్నల్. నిన్న రాత్రి ఉన్నట్టుండి ఆగిపోయిందనుకోండి. "జర్నల్‌సీటీఎల్ మైనస్ బీ మైనస్ 1 మైనస్ ఈ" అంటే పోయినసారి ఆన్ చేసినప్పటి డైరీ చివరి పేజీ తెరుచుకుంటుంది. ఆగిపోయే ముందు ఏం జరిగిందో అక్కడే ఉంటుంది.

ఎర్రక్షరాలు చూసి బెదిరిపోకండి. ఏసీపీఐ ఎర్రర్ అనే లైన్లు ఆరోగ్యంగా ఉన్న ల్యాప్‌టాప్‌లలోనూ డజన్ల కొద్దీ ఉంటాయి. సమస్య వచ్చిన నిమిషానికి సరిపోయే లైను ఏదో వెతకండి. దొరికాక కూడా ఒకసారికి ఒక్క మార్పే చేయండి. నాలుగు మార్చి రీస్టార్ట్ చేస్తే ఏది పని చేసిందో, ఏది కొత్త తంటా తెచ్చిందో తెలీదు.

పాస్‌వర్డ్ సరైనదే, లోపలికి మాత్రం పోనివ్వదు

ఇక మేనల్లుడి సంగతి.

"కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మూడూ కలిపి నొక్కరా."

"నల్ల స్క్రీన్ వచ్చింది మావయ్యా. లాగిన్ అంటోంది."

"యూజర్ నేమ్ కొట్టు. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు చుక్కలు కూడా కనపడవు, కంగారుపడకు."

"ఆఁ, వెళ్లింది."

"ఇప్పుడు డీఎఫ్ మైనస్ హెచ్ కొట్టి, చివర ఒట్టి స్లాష్ ఉన్న లైను చదువు."

"యూజ్ 100 పర్సెంట్. అవైలబుల్ సున్నా."

అదీ సంగతి. డెస్క్‌టాప్ తెరుచుకోవాలంటే మీ హోమ్ ఫోల్డర్‌లో చిన్న చిన్న ఫైళ్లు రాసుకోవాలి. డిస్కు నిండితే రాసుకోవడానికి చోటు లేక మళ్లీ లాగిన్ దగ్గరికే తిరిగొస్తుంది. పాస్‌వర్డ్ తప్పు అని మాత్రం ఎక్కడా అనదు, గమనించండి. నల్ల స్క్రీన్‌లో సుడోతో మనం ఇంకా పని చేయగలగడానికి కారణం, ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ మామూలుగా 5 శాతం చోటు రూట్ (సిస్టమ్ యజమాని ఖాతా) కోసం దాచి ఉంచుతుంది. మా అమ్మమ్మ పోపుల డబ్బా అడుగున డబ్బులు దాచినట్టు.

చోటు ఖాళీ చేయడానికి నేను వెళ్లే వరుస ఇది. మొదట "సుడో ఆప్ట్ క్లీన్". దించుకుని ఇన్‌స్టాల్ చేసేసిన ప్యాకేజీల కాపీలు పోతాయి, నష్టమేమీ లేదు. తర్వాత "సుడో జర్నల్‌సీటీఎల్ రెండు మైనస్‌లు వాక్యూమ్ మైనస్ సైజ్ ఈక్వల్ 200ఎం", ఈ మొత్తంలో రెండు మైనస్‌ల తర్వాత ఎక్కడా ఖాళీ ఉండదు, పెద్దక్షరం చివరి ఎం ఒక్కటే. డైరీని 200 ఎంబీకి కుదిస్తుంది. తర్వాత "సుడో ఆప్ట్ ఆటోరిమూవ్", పాత కెర్నెళ్లు పోతాయి. అప్పటికీ చాలకపోతే అసలు తినేసిందెవరో పట్టుకోవాలి: "సుడో డీయూ మైనస్ ఎక్స్‌హెచ్ మైనస్ డీ1 స్లాష్". ఏ ఫోల్డర్ ఎన్ని జీబీలో చెబుతుంది.

వాడి ల్యాప్‌టాప్‌లో దొంగ టైమ్‌షిఫ్ట్. సిస్టమ్‌కు రోజూ ఒక ఫొటో తీసి పెట్టుకునే ప్రోగ్రాము. మంచిదే, పెట్టుకోమన్నది నేనే. ఎన్ని ఫొటోలు ఉంచాలో చెప్పడం మర్చిపోయింది కూడా నేనే. "సుడో టైమ్‌షిఫ్ట్ రెండు మైనస్‌లు డిలీట్" అంటే జాబితా చూపించి ఏది తీసేయాలో అడుగుతుంది. నాలుగు పాతవి తీసేశాక 31 జీబీ ఖాళీ అయింది. "సుడో రీబూట్". పన్నెండు కాకముందే వాడు లోపల ఉన్నాడు. టైమ్‌షిఫ్ట్ ఫోల్డర్ మీదికి వెళ్లి మామూలు ఫైళ్లలా డిలీట్ కొట్టడం మాత్రం చేయకండి, ప్రోగ్రాముతోనే తీయించండి.

డిస్కు ఖాళీగానే ఉండి ఇలా తిరుగుతుంటే హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే ఎక్స్‌అథారిటీ అనే ఫైలు చూడండి. ఎప్పుడో సుడోతో ఏదో గ్రాఫిక్ ప్రోగ్రాము తెరిస్తే ఆ ఫైలు రూట్ సొంతమైపోతుంది. దాని పేరు మార్చేసి మళ్లీ లాగిన్ అయితే కొత్తది తయారవుతుంది.

అప్‌డేట్ సగంలో ఆగితే

కరెంటు పోయి, బ్యాటరీ కూడా చచ్చినదై, అప్‌డేట్ మధ్యలో మిషను ఆరిపోయిందనుకోండి. "సుడో డీపీకేజీ రెండు మైనస్‌లు కాన్‌ఫిగర్ మైనస్ ఏ". అది పూర్తయ్యాక "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ మైనస్ ఎఫ్". తొంభై పాళ్లు ఈ రెంటితో తేలిపోతుంది. లాక్ అయి ఉందని చెబితే వెనక ఆటోమేటిక్ అప్‌డేట్ నడుస్తోందని అర్థం. టీ తాగి రండి. లాక్ ఫైలు డిలీట్ చేయమని సలహాలు తిరుగుతుంటాయి, వినకండి. నడుస్తున్న అప్‌డేట్ చేతిలోంచి తాళం లాక్కుంటే ప్యాకేజీల జాబితానే పాడవుతుంది.

అలాగే ఆర్‌ఎం, డీడీ అనే రెండు కమాండ్లు ఎవరు చెప్పినా అర్థం తెలియకుండా కొట్టకండి. మొదటిది అడగకుండా చెరుపుతుంది. రెండోది డిస్కు పేరులో ఒక్కక్షరం తప్పు పడితే డిస్కంతా చెరుపుతుంది.

అసలు ఆన్ అవ్వకపోతే

లోగో వచ్చి అక్కడే వేలాడుతుంటే, రీస్టార్ట్ చేసి ల్యాప్‌టాప్ కంపెనీ లోగో పోగానే ఎస్కేప్ ఒక్కసారి నొక్కండి. పాత బయాస్ ఉన్నవాటిలో షిఫ్ట్ నొక్కి పట్టుకోవాలి. గ్రబ్ మెనూ, అంటే ఏ సిస్టమ్ తెరవాలో అడిగే జాబితా, వస్తుంది. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పైనుంచి రెండో కెర్నెల్, అంటే నిన్నటిది, ఎంచుకోండి. అది తెరుచుకుంటే కొత్త కెర్నెల్‌తోనే గొడవ. కొన్నాళ్లు పాతదానిలోనే ఉండి, తర్వాతి అప్‌డేట్ వచ్చాక చూడండి.

నల్ల స్క్రీన్ మీద ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే మాట బ్రాకెట్లలో కనిపించి ఆగిందా? కరెంటు పోతూ వస్తూ ఉండే చోట, బ్యాటరీ చచ్చిన ల్యాప్‌టాప్‌లకు ఇది మామూలు. రాస్తుండగా కరెంటు పోయి ఫైల్ సిస్టమ్ గజిబిజి అయింది. "ఎగ్జిట్" అని కొట్టండి, ఏ పార్టిషన్‌లో (డిస్కులోని ఏ భాగంలో) తేడా ఉందో అదే చెబుతుంది. స్లాష్ డెవ్ స్లాష్ ఎస్‌డీఏ2 అని చెప్పిందనుకుందాం: "ఎఫ్‌ఎస్‌సీకే మైనస్ వై స్లాష్ డెవ్ స్లాష్ ఎస్‌డీఏ2". అయ్యాక మళ్లీ "ఎగ్జిట్". ఒకసారి వస్తే కరెంటు తప్పు. నెలలో మూడుసార్లు వస్తే డిస్కు తప్పు, దాని గురించి కింద చెప్తా.

ఎన్‌విడియా కార్డున్న వాటిలో స్క్రీన్ పూర్తిగా నల్లగా ఉంటే గ్రబ్ మెనూలో ఇంగ్లీషు ఈ అక్షరం నొక్కి, లినక్స్ అని మొదలయ్యే లైను చివర "నోమోడ్‌సెట్" అని చేర్చి ఎఫ్10 నొక్కండి. ఆ ఒక్కసారికి డెస్క్‌టాప్ వస్తుంది. అప్పుడు డ్రైవర్ మేనేజర్‌లో సరైన డ్రైవరు వేసుకోండి.

వాడుతుండగా మొత్తం బిగుసుకుపోతే పవర్ బటన్ నొక్కి పట్టుకునే ముందు ఇంకో దారి ఉంది. ఆల్ట్, ప్రింట్‌స్క్రీన్ రెండూ నొక్కి పట్టుకుని నెమ్మదిగా ఎస్, యూ, బీ కొట్టండి. రాయాల్సింది డిస్కుకు రాసేసి, డిస్కును మూసి, రీబూట్ అవుతుంది. 4 జీబీ ర్యామ్‌తో ముప్పై ట్యాబులు తెరిచేవాళ్లకు ఇది వారానికోసారి అవసరమవుతుంది. వాళ్లకు నేనిచ్చే అసలు సలహా ఇంకో 4 జీబీ కొనుక్కోమని.

వైఫై

"ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్" కొట్టండి. హార్డ్ బ్లాక్డ్ అన్నచోట యస్ ఉంటే ల్యాప్‌టాప్ పక్కనున్న స్విచ్చో, విమానం బొమ్మ మీటో పొరపాటున నొక్కారు. సాఫ్ట్ బ్లాక్డ్ దగ్గర యస్ ఉంటే "ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ ఆల్".

వైఫై గుర్తే లేకపోతే "ఎల్‌ఎస్‌పీసీఐ మైనస్ ఎన్‌ఎన్‌కే" కొట్టి నెట్‌వర్క్ కంట్రోలర్ లైను కింద చూడండి. డ్రైవర్ ఇన్ యూజ్ అనే లైను లేకపోతే డ్రైవరు లేనట్టు. బ్రాడ్‌కామ్, కొన్ని రియల్‌టెక్ చిప్‌లతో ఇది ఎక్కువ. డ్రైవరు దించాలంటే నెట్ కావాలి, నెట్ కావాలంటే డ్రైవరు కావాలి. ఈ చిక్కుముడికి ఫోన్ ఉంది. ఛార్జింగ్ వైరుతో ఫోన్‌ను ల్యాప్‌టాప్‌కు కలిపి, ఫోన్ సెట్టింగుల్లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. కొత్తగా ఏ డ్రైవరూ వేయకుండానే నెట్ వచ్చేస్తుంది. వైరు డేటా వైరై ఉండాలి సుమా, ఛార్జింగ్ మాత్రమే ఎక్కే వైర్లు కొన్ని ఉంటాయి. నెట్ వచ్చాక డ్రైవర్ మేనేజర్ తెరిచి అది సూచించింది వేసుకోండి.

ఇక్కడ జనం ఎక్కువగా జారిపడే మెట్టు ఒకటుంది. సెక్యూర్ బూట్ (గుర్తింపు లేని సాఫ్ట్‌వేర్‌ను అడ్డుకునే కాపలా) ఆన్‌లో ఉన్న ల్యాప్‌టాప్ డ్రైవరు వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టుకోమంటుంది. రీస్టార్ట్‌లో నీలం స్క్రీన్ వస్తుంది. నీలం చూడగానే పాత విండోస్ భయాలు గుర్తొచ్చి కంటిన్యూ బూట్ కొట్టేస్తారు. డ్రైవరు పని చేయదు. అక్కడ ఎన్‌రోల్ ఎంఓకే ఎంచుకుని ఇందాకటి పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఆ ఛాన్సు ఒక్కసారే వస్తుంది, తప్పిపోతే డ్రైవరు తీసి మళ్లీ వేయాలి.

సౌండ్, గడియారం

సౌండ్ సెట్టింగుల్లో డమ్మీ అవుట్‌పుట్ అని ఉంటే "సిస్టమ్‌సీటీఎల్ రెండు మైనస్‌లు యూజర్ రీస్టార్ట్ పైప్‌వైర్ వైర్‌ప్లంబర్". సుడో వద్దు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో మీటింగు మొదలవగానే పాట డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటే అది రోగం కాదు. మైకు వాడినప్పుడు బ్లూటూత్ తక్కువ నాణ్యతకు మారుతుంది. ల్యాప్‌టాప్ మైకే వాడుకుంటే పాట బాగుంటుంది.

విండోస్, లినక్స్ రెండూ ఉన్న మిషన్లో గడియారం సరిగ్గా ఐదున్నర గంటలు తేడా చూపిస్తే, మదర్‌బోర్డు గడియారాన్ని లినక్స్ గ్రీన్‌విచ్ టైముగా, విండోస్ మన టైముగా చదువుతున్నాయన్నమాట. "టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్ మైనస్ లోకల్ మైనస్ ఆర్‌టీసీ 1" అంటే లినక్స్ సర్దుకుంటుంది, సెట్ నుంచి ఆర్‌టీసీ దాకా ఖాళీ లేకుండా కొట్టాలి. అలా కాకుండా తేదీ ఏకంగా కొన్నేళ్లు వెనక్కి పోయి, ఏ సైటు తెరిచినా సర్టిఫికెట్ ఎర్రర్ వస్తుంటే, మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్ అయిపోయింది. చాలావాటిలో సీఆర్2032. నెట్ పోయిందనుకుని రౌటరు మార్పించినవాళ్లను నేనెరుగుదును.

తెలుగు చతురస్రాలుగా కనపడితే

అక్షరాల బదులు గళ్లు వస్తే ఫాంటు లేదు. "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫాంట్స్ మైనస్ తెలు". అవును, టీ, ఈ, ఎల్, యూ దగ్గరే ఆగుతుంది పేరు, మధ్యలో ఖాళీ ఉండదు. టైపింగుకు ఐబస్ అనే ప్రోగ్రాములో ఎం17ఎన్ వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్, ఆర్‌టీఎస్ లేఅవుట్లు వస్తాయి. లిబ్రే ఆఫీస్‌లో ఫాంటు మార్చినా తెలుగు మారడం లేదంటే ఆప్షన్స్‌లో భాషల దగ్గర కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్‌కు టిక్ పెట్టండి. మన లిపికి ఫాంటు అక్కడ వేరే లెక్క.

శుభలేఖ ఫైలు పంపించారు, తెరిస్తే పిచ్చి ఇంగ్లీషు గుర్తులొచ్చాయి అంటారు. మన ప్రెస్సుల్లో, డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లు బాగా వాడుక. అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కావు. ఇంగ్లీషు గుర్తుల చోట తెలుగు బొమ్మలు కూర్చోబెట్టిన పద్ధతి. మీ లినక్స్‌లో తప్పేం లేదు. పీడీఎఫ్ చేసి పంపమనండి, లేదా యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టరు వాడండి.

ఎండ, దుమ్ము, మిరప ఘాటు

రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊరు మనది. గదిలోనే నలభై డిగ్రీలున్నప్పుడు ల్యాప్‌టాప్ ఫ్యాను పీల్చేది కూడా ఆ గాలే. గాలి దారి కాస్త మూసుకుపోయిందంటే ప్రాసెసరు వంద డిగ్రీల దాకా పోతుంది. అప్పుడు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మనకు కనిపించేది మాత్రం సిస్టమ్ స్లో అయింది అని. ఫార్మాట్ కొట్టిస్తారు. దుమ్ము ఫార్మాట్‌కు పోదు కదా.

"సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఎల్ఎం మైనస్ సెన్సర్స్", ఆ చివరి పేరులో ఖాళీ ఉండదు. తర్వాత "సెన్సర్స్". ఏ పనీ చేయనప్పుడు 45 నుంచి 60 మధ్య ఉంటే నిశ్చింత. ఖాళీగా ఉండి కూడా 80 చూపిస్తే విప్పాలి. డీమెసేజ్‌లో క్లాక్ థ్రాటిల్డ్ అని ఉన్నా అంతే.

గుంటూరు మిర్చి యార్డులో లెక్కలు రాసే మా బాబాయి ల్యాప్‌టాప్ ఒకటి ఇలాగే వచ్చింది. అడుగు మూత విప్పి ఫ్యాను తీశాను. ఫ్యానుకు, రాగి రెక్కలకు మధ్య వేలి మందాన ఇటుకరంగు చాప ఒకటి పరుచుకుని ఉంది. దాన్ని పట్టకారుతో లాగుతుంటే ఘాటు ముక్కుకెక్కింది. ఇంట్లో ముగ్గురం వరసగా తుమ్ములు. శుభ్రం చేశాక 91 ఉన్నది 54కి దిగింది. "కొత్తది కొనిచ్చావా ఏంటబ్బాయ్" అన్నాడు బాబాయి.

మీరు చేయాలంటే: ఛార్జరు పీకండి, ఆఫ్ చేయండి, మూత విప్పగానే మొదట బ్యాటరీ కనెక్టరు ఊడదీయండి. స్క్రూలు పొడవు పొట్టి తేడాగా ఉంటాయి. కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే టేపుతో అంటించండి. పొడుగు స్క్రూ పొట్టిదాని చోట బిగిస్తే బోర్డుకు చిల్లు పడుతుంది. ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకునే బ్లోయరు కొట్టండి, లేదంటే రెక్కలు విపరీతమైన వేగంతో తిరిగి బేరింగు పోతుంది. నోటితో ఊదకండి, తడి వెళుతుంది. రెండు మూడేళ్లు దాటితే ప్రాసెసరు మీద ఎండిపోయిన థర్మల్ పేస్టు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి బియ్యపు గింజంత కొత్తది పెట్టండి. ఎక్కువ పెడితే ఎక్కువ చల్లబడదు. పరుపు మీద, దిండు మీద పెట్టుకుని వాడితే ఇదంతా వృథా.

డిస్కు, ర్యామ్, బ్యాటరీ

డిస్క్స్ అనే ప్రోగ్రాములో స్మార్ట్ డేటా (డిస్కు తన ఆరోగ్యం గురించి రాసుకునే లెక్కలు) చూడండి. రీఅలోకేటెడ్ సెక్టర్, కరెంట్ పెండింగ్ సెక్టర్ లెక్కలు సున్నా కాకుండా, వారం వారం పెరుగుతున్నాయంటే ఆ డిస్కు మీద ఒక్క రిపేరు కూడా ప్రయత్నించకండి. ముందు ఫైళ్లు బయటికి తీయండి. పాత హార్డ్ డిస్కు బదులు ఎస్‌ఎస్‌డీ వేస్తే పదేళ్ల ల్యాప్‌టాప్ కూడా లేచి కూర్చుంటుంది. నేను చూసినంతలో పెట్టిన డబ్బుకు ఇంతకంటే ఫలితం ఇచ్చే మార్పు లేదు.

ఆన్ చేస్తే లైటు వెలిగి, స్క్రీన్ రాకుండా బీప్ బీప్ అంటే ర్యామ్. బ్యాటరీ ఊడదీసి, ర్యామ్ తీసి, పిల్లల జామెట్రీ బాక్సులోని తెల్ల రబ్బరుతో బంగారు రంగు పళ్లను మెల్లగా రుద్ది, పొట్టు దులిపి మళ్లీ పెట్టండి. కృష్ణ ఒడ్డు ఊళ్ల చెమ్మకు ఆ పళ్ల మీద సన్నని పొర పడుతుంటుంది. చిత్రమేంటంటే షాపులో కూడా మొదట చేసేది ఇదే.

బ్యాటరీ ఆరోగ్యానికి "యూపవర్ మైనస్ డీ" కొట్టి కెపాసిటీ అనే లైను చూడండి. కొత్తప్పటితో పోలిస్తే ఇప్పుడెంత పడుతుందో ఆ శాతం. 50 కిందికొస్తే మార్చుకునే ఆలోచన చేయండి. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టు ఉన్నా, మూత సరిగ్గా మూసుకోకపోయినా బ్యాటరీ ఉబ్బింది. ఇక ఆలోచన లేదు, ఛార్జింగ్ ఆపి అదే రోజు తీయించండి. గుచ్చడం, నొక్కడం చేయకండి.

ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు మాత్రమే కర్సరు గంతులేస్తూ, లోహపు బాడీ మీద చేయి పెడితే చిమచిమలాడుతుంటే డ్రైవర్ల జోలికి పోకండి. ఛార్జరు పీకి చూడండి. కర్సరు బుద్ధిగా ఉంటే మీ ప్లగ్గుకు ఎర్తింగ్ లేదు. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్‌కు పెట్టడమో, అద్దె ఇంట్లో ఎర్త్ వైరే లాగకపోవడమో ఉంటుంది. పిలవాల్సింది ఎలక్ట్రీషియన్ని.

షాపుకి ఇవ్వాల్సి వస్తే

స్క్రీను పగిలినా, మదర్‌బోర్డు పోయినా షాపుకి వెళ్లక తప్పదు. ఇచ్చే ముందు మూడు మాటలు చెప్పండి, రసీదు మీద రాయించండి: ఇందులో లినక్స్ ఉంది, ఫార్మాట్ చేయొద్దు, విండోస్ ఎక్కించొద్దు. ఒకసారి మా ఇంటి కీబోర్డు మార్చడానికిచ్చిన ల్యాప్‌టాప్ కొత్త విండోస్‌తో తిరిగొచ్చింది. "ఏదో వైరస్ స్క్రీన్ వస్తుంటే తీసేశాం సార్" అన్నాడు కుర్రాడు. వాడు వైరస్ అనుకున్నది గ్రబ్ మెనూ. అప్పటి నుంచి వీలుంటే ఎస్‌ఎస్‌డీ తీసి ఇంట్లో పెట్టుకునే ఇస్తున్నా. పరీక్షించుకోవడానికి ఎలా అంటే, ఆ లైవ్ పెన్‌డ్రైవ్ ఇస్తాను.

నీళ్లు పడితే

కాఫీ ఒలికినా, వాన తడిసినా మొదటి పని పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేయడం, ఛార్జరు పీకడం. పని చేస్తోందో లేదో చూద్దామని మళ్లీ ఆన్ చేయడమే బోర్డును చంపేది. తలకిందులుగా, పుస్తకం తెరిచి బోర్లించినట్టు పెట్టండి. మూత విప్పి బ్యాటరీ తీయండి. బియ్యంలో పెట్టడం వల్ల ప్రయోజనం లేదు, పిండి లోపలికి పోతుంది. నీళ్లు ఆరతాయి గానీ అందులోని ఉప్పు, బురద బోర్డు మీదే ఉండి తుప్పు పట్టిస్తాయి కాబట్టి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్ పెట్టి కడగాలి. చేతకాకపోతే ఆన్ చేయకుండానే షాపుకి పట్టుకెళ్లండి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా చుట్టాల ఇంట్లో ల్యాప్‌టాప్ రెండు రోజులు నీళ్లలో ఉంది. బోర్డు పూర్తిగా పోయింది, దాని మీద ఆశ పెట్టుకోలేదు కూడా. ఎస్‌ఎస్‌డీని ఊడదీసి, మంచి నీటితో బురద వదిలించి, ఆల్కహాల్‌తో తుడిచి, నాలుగు రోజులు నీడన ఆరబెట్టాం. ఎస్‌ఎస్‌డీలో తిరిగే పళ్లేలుండవు కాబట్టి అలా చేయగలిగాం. హార్డ్ డిస్కైతే నేనే ముట్టుకునేవాణ్ని కాదు, డేటా రికవరీ వాళ్లకే ఇచ్చేవాణ్ని. కొన్ని వందల రూపాయల యూఎస్‌బీ కేసులో దాన్ని పెట్టి నా ల్యాప్‌టాప్‌కు తగిలించి డీమెసేజ్ చూశాను. ఎస్‌డీబీ అనే కొత్త లైను వచ్చింది, అంటే డిస్కును గుర్తుపట్టింది. వెనక నిలబడ్డ వదిన "పెళ్లి ఫొటోలు ఉన్నాయా?" అంది. ఫోల్డర్ తెరిచాను, మొదటి ఫొటోలో తలంబ్రాలు.